పుస్తకాల ఇంట్లో మన వాటా

(కొత్తగా చదువు నేర్చిన మహిళలకు చేసిన ప్రసంగం)



మీరు ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతున్నారు. సంఘం పుస్తకంలో సంతకం పెడుతున్నారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే పట్టుకుంటున్నారు. ఇది చిన్న పని కాదు. పగలంతా పొలానికి, కూలికి, అడవికి పోయి, రాత్రి నిద్ర ఆపుకొని నేర్చిన చదువు ఇది.

అయితే ఒక మాట ఉంది. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. చదవని అక్షరం కూడా అంతే. ఏడాది పాటు పుస్తకం ముట్టకపోతే అక్షరాలు ఒక్కొక్కటే జారిపోతాయి. ముందు ఒత్తులు పోతాయి. తర్వాత గుణింతం పోతుంది. చివరికి మళ్ళీ వేలిముద్ర దగ్గరికే వస్తాం.

మరి రోజూ చదవాలంటే పుస్తకాలు ఎక్కడివి? కొనాలంటే డబ్బు కావాలి. దానికొక చోటు ఉంది. అదే గ్రంథాలయం. గ్రంథం అంటే పుస్తకం. గ్రంథాలయం అంటే పుస్తకాల ఇల్లు.

చాలామంది ఆ ఇంటి ముందు నుంచి నడిచి పోతారు. లోపలికి పోరు. "అది చదువుకున్నోళ్ళది, మనకెందుకు?" అంటారు. ఆ ఇల్లు ఎవరు కట్టారో తెలిస్తే ఆ మాట అనరు. ఈ రోజు ఆ కథే చెప్పుకుందాం.

మున్నేటి ఒడ్డున అక్కాతమ్ముడు

ఖమ్మం పక్కన మున్నేరు పారుతుంది. ఆ ఏరు కిందికి పోయి కృష్ణా నదిలో కలుస్తుంది. దారిలో పెనుగంచిప్రోలు అనే ఊరు ఉంది. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు మీలో కొందరు పోయే ఉంటారు. ఆ ఊరిలోనే ఒక అక్క, ఒక తమ్ముడు పుట్టారు. అక్క పేరు భండారు అచ్చమాంబ. తమ్ముడి పేరు కొమర్రాజు లక్ష్మణరావు.

అచ్చమాంబ 1874లో పుట్టింది. ఆమెను బడికి పంపలేదు. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. తమ్ముడు చిన్నగా ఉన్నప్పుడే తండ్రి చనిపోయాడు. తమ్ముడు అక్క ఇంట్లో ఉండి నాగపూరులో చదువుకున్నాడు. తమ్ముడు చదువుకుంటుంటే అక్క పక్కన కూర్చుని అక్షరాలు నేర్చింది. తెలుగు నేర్చింది. హిందీ నేర్చింది. బడి మెట్టు ఎక్కకుండానే రచయిత్రి అయింది.

ఆమె కథలు రాసింది. మన దేశంలో పేరు పొందిన స్త్రీల జీవితాలను వెతికి, ఒక పెద్ద పుస్తకంగా రాసింది. దాని పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. ఆడవాళ్ళకు తెలివి లేదన్న వాళ్ళకు ఆమె చెప్పిన జవాబు ఆ పుస్తకం. 1902లో మచిలీపట్నంలో మహిళా సమాజం పెట్టిన వాళ్ళలో ఆమె ఒకరు. పిల్లలు పసితనంలోనే చనిపోయారు. ఆ దుఃఖంలోనూ ఆమె పని మానలేదు. 1905లో, చిన్న వయసులోనే చనిపోయింది.

అక్క చదివింది, రాసింది. మరి తమ్ముడు ఏం చేశాడు? పుస్తకాల ఇల్లు కట్టించే పనిలో దిగాడు.

నిజాం పాలనలో తెలుగు

ఆ రోజుల్లో ఖమ్మం నిజాం రాజ్యంలో ఉండేది. సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది. పెద్ద బడుల్లో చదువు కూడా ఉర్దూలోనే. జనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, కోయ, లంబాడీ. కచేరీకి పోతే ఆ కాగితంలో ఏముందో వాళ్ళకు తెలిసేది కాదు. ఎవరో చదివి చెప్పాలి. చదివి చెప్పేవాడు ఏం చెబితే అదే నిజం. వందమంది ఆడవాళ్ళను నిలబెడితే, చదువు వచ్చిన మనిషి ఒక్కరు కూడా దొరకడం కష్టం.

అప్పుడు కొందరు ఒక ఆలోచన చేశారు. "బడులు పెట్టడం మన చేతిలో లేదు. పుస్తకాల ఇల్లు పెడదాం. వచ్చినవాడు చదువుతాడు. రానివాడు చదివించుకుని వింటాడు" అనుకున్నారు.

1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం మొదలైంది. అప్పటికి సొంత ఇల్లు లేదు. రావిచెట్టు రంగారావు అనే ఆయన తన ఇంట్లోనే చోటు ఇచ్చాడు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, మరికొందరు కలిసి దీన్ని నిలబెట్టారు. రంగారావు చనిపోయిన తర్వాత ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ముందుకు వచ్చింది. భాషానిలయానికి సొంత భవనం కోసం డబ్బు ఇచ్చింది. ఆ భవనంలో ఆమె వాటా కూడా ఉంది.

ఈ ఇల్లు రాజుగారి దానం కాదు. సర్కారు కట్టింది కాదు. జనం చందాలు వేసుకుని పెట్టుకున్నది.

హైదరాబాదు నుంచి ఖమ్మం దాకా

ఒక దీపం నుంచి ఇంకొక దీపం వెలిగించినట్టు, ఈ పని ఊరి నుంచి ఊరికి పాకింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వచ్చింది. అప్పుడు ఖమ్మం వేరే జిల్లా కాదు. వరంగల్లు జిల్లాలోనే ఉండేది. కొన్నేళ్ళకు ఖమ్మంలో కూడా ఆంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు.

ఖమ్మం అప్పుడు చిన్న ఊరు. పైన ఖిల్లా, కింద ఇళ్ళు, పక్కన ఏరు. అయితే రైలు ఉంది. హైదరాబాదు నుంచి బెజవాడకు పోయే రైలు 1889 నుంచి ఖమ్మం మీదుగానే పోతుంది. రెండు వైపుల నుంచీ మనుషులు వచ్చేవాళ్ళు. వాళ్ళ వెంట కొత్త సంగతులు వచ్చేవి.

1921లో హైదరాబాదులో ఒక పెద్ద సభ జరిగింది. ఒకరు లేచి తెలుగులో మాట్లాడబోయారు. కొందరు గోల చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. తెలుగు వాళ్ళకు అది కడుపులో గుచ్చుకుంది. వెంటనే ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు లాంటి వాళ్ళు దాన్ని నడిపారు. ఆ సంఘం చేపట్టిన పనుల్లో గ్రంథాలయాలు పెట్టడం ఒకటి.

1925లో మధిరలో గ్రంథాలయాల సభ జరిగింది. మన మధిరే! నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయాల కోసం జరిగిన మొదటి పెద్ద సభ అది. తర్వాత 1928లో సూర్యాపేటలో రెండో సభ జరిగింది.

ఇదంతా తేలిగ్గా జరిగిందని అనుకోవద్దు. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. నలుగురు కూడితే అనుమానం. పుస్తకాలు చదివితే ఇంకా అనుమానం. ఎందుకంటే, చదివిన మనిషి అడుగుతాడు. "ఈ పన్ను ఎందుకు? ఈ వెట్టి ఎందుకు?" అని అడుగుతాడు. దొరలు భయపడింది పుస్తకానికి కాదు. ఆ ప్రశ్నకు.

ఖమ్మంలో ఆడవాళ్ళ సభ

1934లో ఖమ్మంలో ఆంధ్ర మహాసభ జరిగింది. అది మూడో మహాసభ. దానితో పాటే ఆడవాళ్ళు వేరుగా మహిళా సభ జరుపుకున్నారు. ఆ సభకు అధ్యక్షురాలు ఎల్లాప్రగడ సీతాకుమారి. ఆమె రచయిత్రి.

ఒక్కసారి ఊహించండి. తొంభై ఏళ్ళ కిందటి మాట. ఆడపిల్లకు చదువు ఎందుకు అనే కాలం. గడప దాటితే నలుగురూ నవ్వే కాలం. అట్లాంటప్పుడు ఖమ్మంలో ఆడవాళ్ళు సభ పెట్టారు. ఒక స్త్రీ అధ్యక్ష పీఠం మీద కూర్చుంది. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకున్నారు. ఇప్పుడు మీరు గ్రంథాలయం గడప తొక్కితే, మీరు మొదటివాళ్ళు కారు. మీ ముందు నడిచిన వాళ్ళు ఉన్నారు.

వంట పని చేస్తూ చదివినవాడు

ఇంకొక మనిషి సంగతి వినండి. పేరు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టాడు. పేద ఇల్లు. ఇళ్ళల్లో వంట చేశాడు. హోటల్లో పని చేశాడు. పని చేసుకుంటూనే చదువు నేర్చాడు.

నేర్చిన చదువును తన దగ్గరే దాచుకోలేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే పుస్తకాల సంస్థ పెట్టాడు. పుస్తకాలు అచ్చు వేయించాడు. దుకాణంలో కూర్చుని అమ్మలేదు. పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగాడు. కూరగాయలు అమ్మినట్టు పుస్తకాలు అమ్మాడు. గ్రంథాలయాలు పెట్టమని జనానికి చెప్పాడు. నిజాం పాలనను ఎదిరించి జైలుకు కూడా పోయాడు. తర్వాత 'ప్రజల మనిషి' అనే నవల రాశాడు.

చదువు పెద్ద బడిలో చదివిన వాళ్ళదే అనుకునేవాళ్ళకు ఈ మనిషి జీవితమే జవాబు.

గోదావరి అవతల, గోదావరి ఇవతల

1948 సెప్టెంబర్ 17న నిజాం పాలన పోయింది. 1953లో ఖమ్మం వేరే జిల్లా అయింది. అప్పటికి భద్రాచలం ఈ జిల్లాలో లేదు. తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిశాయి.

అంతకు ముందు గ్రంథాలయాలకు అవతల ఒక చట్టం, ఇవతల ఒక చట్టం. అవతల మద్రాసు వాళ్ళు 1948లో చేసిన చట్టం. ఇవతల హైదరాబాదు వాళ్ళు 1955లో చేసిన చట్టం. 1960లో రెండింటికీ బదులు రాష్ట్రమంతటికీ ఒకే చట్టం చేశారు. జిల్లాకు ఒక గ్రంథాలయ సంస్థ పెట్టారు. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది. రెండు ఒడ్డులూ కలిశాయి.

తర్వాత గీతలు మళ్ళీ మారాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. 2016లో ఖమ్మం జిల్లా విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. గీత ఎక్కడ గీసినా, ఏ జిల్లా అయినా, గ్రంథాలయం మీద జనానికి హక్కు మాత్రం మారలేదు.

కోయ ఇళ్ళల్లో పుట్టిన అక్కలు ఒక మాట అనవచ్చు. "మా తాతలకు పుస్తకాలు లేవు కదా" అని. పుస్తకం లేకపోవచ్చు. పడిగె ఉంది కదా! గుడ్డ మీద బొమ్మలు వేసి, ఆ బొమ్మలు చూపిస్తూ డోలీ వాళ్ళు వంశం కథ పాడతారు. మన కథ మనం దాచుకోవాలి, నలుగురికీ వినిపించాలి అన్న ఆలోచన అడవిలో ఎప్పటి నుంచో ఉంది. గ్రంథాలయం చేసే పని కూడా అదే. అక్కడ గుడ్డ, ఇక్కడ కాగితం.

రూపాయికి ఎనిమిది పైసలు

ఇప్పుడు వాటా సంగతికి వద్దాం. మీరు పంచాయతీకి ఇంటి పన్ను కడతారు. ఆ పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేస్తారు. దాన్ని గ్రంథాలయ సెస్సు అంటారు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు. పన్ను 500 రూపాయలైతే సెస్సు 40 రూపాయలు. పంచాయతీ, మునిసిపాలిటీ ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. ఆ డబ్బుతో పుస్తకాలు కొంటారు. పత్రికలు తెప్పిస్తారు.

ఈసారి పన్ను కట్టినప్పుడు రసీదు తెచ్చుకుని చదవండి. అక్కడ గ్రంథాలయం పేరు వెతకండి. ఆ గదిలో ఉన్న బల్ల, కుర్చీ, పత్రిక, అన్నింటిలో మీ పైసలు ఉన్నాయి. మీరు వాటా కడుతున్నారు. వాటా తీసుకోవడమే మిగిలింది. పన్ను కట్టే ఇల్లు లేని వాళ్ళు కూడా వెనక్కు తగ్గొద్దు. అది అందరి ఇల్లు. గుడిసెలో ఉన్నా హక్కు హక్కే.

చదివితే ఏమవుతుంది?

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత అక్కడ ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువు నేర్చారు. వాళ్ళ పుస్తకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వల్ల పాడైన సంసారం కథ అది. చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇది మన కథే కదా" అన్నారు. రోశమ్మ, ఇంకా ఎందరో కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరి నుంచి ఊరికి పోయింది. రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు.

ఒక చిన్న పాఠం అంత పని చేసింది. అట్లాగని పాఠం ఒక్కటే చేయలేదు. ఆడవాళ్ళు కలిసి చదివారు. కలిసి మాట్లాడుకున్నారు. కలిసి నిలబడ్డారు.

అడవి అంచున ఉన్న మనకు కూడా చదవవలసిన కాగితాలు చాలా ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. భార్యాభర్తలు ఉంటే పోడు పట్టా ఇద్దరి పేరునా ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. మీ ఇంట్లో పట్టా ఉంటే తీసి చదవండి. అందులో మీ పేరు ఉందా? ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. ఈ మాటలు ఎవరో చెబితే వినడం వేరు. మీ కళ్ళతో మీరు చదవడం వేరు.

లోపలికి పోవడం ఎట్లా?

గ్రంథాలయం దగ్గరికి పోతే లోపల మగవాళ్ళు పత్రికలు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఒక్కరే పోవాలంటే మొహమాటం. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి పోండి.

ముందు బయట ఉన్న బోర్డు చదవండి. ఎప్పుడు తెరుస్తారో, ఏ రోజు సెలవో అక్కడ ఉంటుంది. లోపల కూర్చుని పత్రిక చదవడానికి డబ్బు ఏమీ కట్టనక్కర లేదు. పత్రికలో మొదట పెద్ద అక్షరాలు చదవండి. తర్వాత చిన్న అక్షరాలకు రండి. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం తీసుకోవాలి. దానికి ఒక ఫారం ఉంటుంది. కొద్దిగా డిపాజిట్ కట్టాలి. ఆ ఫారం మీరే నింపండి. తప్పు పోతే ఇంకొకటి అడగండి.

పెద్ద అక్షరాల పుస్తకాలు ఉన్నాయా అని అడగండి. పిల్లల కథల పుస్తకాలు అడగడానికి సిగ్గుపడకండి. వాటిని మీరు చదవవచ్చు. రాత్రి పిల్లలకు చదివి వినిపించవచ్చు.

సాయంత్రం వంట వేళ. అప్పుడు పోవడం కుదరదు. నిజమే. సంఘంలో ఒకరి పేరున సభ్యత్వం తీసుకోండి. ఆమె పుస్తకం తెస్తుంది. సంఘం కూర్చున్న రోజు ఒకరు చదవండి, పదిమంది వినండి. మరుసటి వారం ఇంకొకరు చదవండి.

ఊరికి గ్రంథాలయం దూరమా? పుస్తకమే మన దగ్గరికి రావచ్చు. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు నింపిన పడవ కాలువ మీద ఊరూరికీ పోయేది. జనం ఒడ్డుకు వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. ఇప్పుడు ఊళ్ళల్లో పెట్టే పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఉన్నాయి. అంటే, కొన్ని పుస్తకాలు ఊళ్ళో ఒకచోట ఉంచి జనానికి ఇచ్చే కేంద్రం. మా ఊళ్ళో ఒకటి పెట్టండి అని గ్రామసభలో అడగండి. కాగితం రాసి ఇవ్వండి. కింద సంతకాలు పెట్టండి. వేలిముద్రలు కాదు, సంతకాలు.

చివరి మాట

పుస్తకాల ఇంటికి తాళం పడేది పుస్తకాలు లేక కాదు. చదివేవాళ్ళు రాక. మనిషి రాని ఇంట్లో చెద చేరుతుంది. వచ్చేవాళ్ళు లేరని చెప్పి గదిని ఇంకొక పనికి వాడుకుంటారు. అప్పుడు నష్టం ఎవరికి? డబ్బున్న వాళ్ళు పుస్తకం కొనుక్కుంటారు. కొనలేని మనకే నష్టం.

లక్ష్మీనరసమ్మ డబ్బు ఇచ్చింది. అచ్చమాంబ పుస్తకం రాసింది. సీతాకుమారి ఖమ్మం సభకు పెద్దగా నిలబడింది. ఆళ్వారుస్వామి పుస్తకాలు మోశాడు. వాళ్ళు చేయవలసింది చేసి పోయారు. తలుపు తెరిచి ఉంది. లోపల అడుగు పెట్టాల్సింది మీరు.

వచ్చే వారం సంఘం కూర్చునే లోపల ఇద్దరిద్దరు కలిసి గ్రంథాలయానికి పోయి రండి. ఏ పుస్తకం చూశారో, అందులో ఏం చదివారో సంఘంలో చెప్పండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరికి దగ్గరలో గ్రంథాలయం ఎక్కడ ఉంది? ఎప్పుడు తెరుస్తారు?

2. మీ ఇంటి పన్ను ఎంత? అందులో గ్రంథాలయ సెస్సు ఎంత? లెక్క కట్టండి.

3. అచ్చమాంబ చదువు ఎట్లా నేర్చుకుంది? మీరు ఎట్లా నేర్చుకున్నారు?

4. మీ ఊరికి పుస్తకాలు కావాలని నాలుగు వాక్యాల కాగితం రాయండి. కింద మీ సంతకం పెట్టండి.